ఆడి టీటీ: ఒక అందగాడు, వాడి పోటీదారులు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కమిటీ వాళ్లు నాకు ఫోన్ చేసినప్పుడు ఒక షరతు పెట్టారు. "బడి జ్ఞాపకాలు చెప్పేవాళ్లు ఇప్పటికే పదిహేను మంది ఉన్నారు. నువ్వు ఆ జోలికి రావద్దు. ముప్పై ఏళ్లుగా కార్ల కింద దూరుతున్నావు కదా, దాని గురించి చెప్పు" అన్నారు. నిజమే. నా పని కారు కింద ఉంటుంది. స్ప్రింగులు, షాకబ్జార్బర్లు, చక్రాన్ని ఛాసిస్‌కి కలిపే చేతులు, రబ్బరు బుష్‌లు. వీటన్నిటినీ కలిపి సస్పెన్షన్ అంటాం. కారు ఎంత అందంగా ఉందని నన్నెవరూ అడగరు. రోడ్డు మీద ఎలా నిలబడుతుందని మాత్రమే అడుగుతారు. అందుకే ఇవాళ అందానికి పేరుపడ్డ ఒక కారును తీసుకుని, దాని పోటీదారుల పక్కన నిలబెట్టి చూద్దామనుకున్నాను. ఆ కారు ఆడి టీటీ. మొదటి తరం టీటీ, 1998లో వచ్చింది.

మనలో చాలామందికి కారంటే అంబాసిడర్, తరవాత మారుతి 800. కాబట్టి కూపే అంటే ఏమిటో ఒక్క మాట చెబుతాను. రెండే తలుపులు, పొట్టి కప్పు, ఆ కప్పు వెనక్కి జారుతూ డిక్కీలో కలిసిపోతుంది. వెనక సీటు ఉన్నా పిల్లలకో సంచులకో తప్ప పనికిరాదు. ఇంటిల్లిపాదీ తిరుపతి వెళ్లడానికి కొనే బండి కాదు. నడిపే సరదా కోసం కొనేది.

టీటీ బొమ్మ మొదట కాలిఫోర్నియాలో పుట్టింది. ఫోక్స్‌వాగన్ గ్రూపుకు అక్కడ ఉన్న డిజైన్ కేంద్రంలో జె మేస్, ఫ్రీమన్ థామస్ అనే ఇద్దరు దాన్ని గీశారు. 1995 ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో నమూనా కారును చూపించారు. చూసినవాళ్లు ఆగి నిలబడిపోయారు. సాధారణంగా షోలో చూపించే నమూనా ఒకటి, మూడేళ్ల తరవాత షోరూముకొచ్చే కారు మరొకటి. పెళ్లిచూపుల ఫొటోకీ మనిషికీ ఉన్నంత తేడా ఉంటుంది. టీటీ విషయంలో అలా జరగలేదు. 1998లో అమ్మకానికి వచ్చిన కారు దాదాపు ఆ నమూనాలాగే ఉంది. రేకుల అతుకులు కనపడకుండా ఉండాలని లేజర్ వెల్డింగ్‌ను కొత్త పద్ధతిలో వాడారు, దానివల్ల కారు రావడం ఆలస్యమైంది కూడా. పేరు ఐల్ ఆఫ్ మ్యాన్‌లో జరిగే టూరిస్ట్ ట్రోఫీ పందేల నుంచి తీసుకున్నది.

ఈ కారు మీద పనిచేసిన వాళ్లలో పీటర్ ష్రైయర్ అనే జర్మన్ డిజైనర్ ఒకరు. ఆయన 2006లో కియా కంపెనీకి వెళ్లారు. కియా కార్ల ముందు భాగంలో మధ్యలో నొక్కినట్టుండే గ్రిల్లు, 'పులి ముక్కు' అంటారు, అది ఆయన మొదలుపెట్టిందే. మన పెనుకొండ దగ్గర ఫ్యాక్టరీలోంచి బయటికొచ్చే కియా బళ్లను చూసినప్పుడల్లా నాకు టీటీ గుర్తుకొస్తుంది. మీకు రానక్కర్లేదు, అది నా వృత్తి జబ్బు.

టీటీ అందం ఎక్కడుందో చెప్పాలంటే గుండ్రదనంలో ఉంది. పక్క నుంచి చూడండి. ముందు చక్రం మీద ఒక వంపు, వెనక చక్రం మీద ఒక వంపు, పైన కప్పు ఒక వంపు. ఆ కప్పు వంపు ఎక్కడా తెగకుండా వెనక బంపరు దాకా దిగుతుంది. ముందెటో వెనకెటో తెలియనంత సమంగా ఉంటుందని వెక్కిరించినవాళ్లూ ఉన్నారు. లోపలికెళ్తే గాలి వచ్చే గొట్టాల చుట్టూ అసలైన అల్యూమినియం రింగులు. బయట పెట్రోలు మూత కూడా అల్యూమినియం, దాని చుట్టూ మరలు కనపడేటట్టే వదిలేశారు. ఆ రోజుల్లో ఈ ధరలో ఇంత శ్రద్ధగా చేసిన లోపలి భాగం మరో కారులో లేదు. ఈ ఒక్క విషయంలో పోటీదారులు ఎవరూ దరిదాపుల్లో లేరు, పోర్షతో సహా.

ఇక పోటీదారులు ఎవరు? 1996లో వచ్చిన పోర్ష బాక్స్‌స్టర్. అదే ఏడు వచ్చిన మెర్సిడెస్ ఎస్‌ఎల్‌కే, ఇనుప కప్పు దానంతటదే మడతపడి డిక్కీలోకి వెళ్లిపోయే కారు. బీఎండబ్ల్యూ జడ్3 కూపే, అమెరికాలోని స్పార్టన్‌బర్గ్‌లో తయారయ్యేది. ఇటలీ నుంచి ఫియట్ కూపే. వీటిలో బాక్స్‌స్టర్, ఎస్‌ఎల్‌కే పైకప్పు తీసేసే కార్లు కాబట్టి కచ్చితంగా చెప్పాలంటే కూపేలు కావు. కానీ జేబులో అంత డబ్బు పెట్టుకుని షోరూములు తిరిగే మనిషి ఈ తేడా చూడడు. అన్నిటినీ ఒకే గాటన కట్టి చూస్తాడు. మనమూ అలాగే చూద్దాం.

ముందు కాగితం మీద. టీటీలో 1.8 లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో ఇంజను, ఒక్కో సిలిండరుకు ఐదు వాల్వులు. రెండు రకాలు: 180 హార్స్‌పవర్, 225 హార్స్‌పవర్. పెద్దదానికి నాలుగు చక్రాలకూ శక్తి అందుతుంది. ఆగి ఉన్న స్థితి నుంచి 100 కిలోమీటర్ల వేగానికి 6.4 సెకన్లు. గరిష్ఠ వేగం గంటకు 243 కిలోమీటర్లు. బాక్స్‌స్టర్‌లో మొదట వచ్చింది 2.5 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను, 204 హార్స్‌పవర్. 100కి 6.9 సెకన్లు, గరిష్ఠ వేగం 240. జడ్3 కూపేలో మామూలు ఇంజను 2.8 లీటర్ల ఆరు సిలిండర్లది, సుమారు 192 హార్స్‌పవర్. ఎస్‌ఎల్‌కే 230లో 193. ఫియట్ కూపేలో ఐదు సిలిండర్ల టర్బో, 220 హార్స్‌పవర్. వేగంలో అది అందరితో సమానంగా పరుగెత్తేది, కానీ అంత శక్తీ ముందు చక్రాల మీదే పడేది.

మార్కులు వేస్తే టీటీ ఫస్టు. పోర్ష కన్నా చవక, పోర్ష కన్నా చురుకు, వానలో మంచులో నాలుగు చక్రాల పట్టు, వెనక సీట్లు మడిస్తే సామాను కూడా పడుతుంది. పత్రికల్లో పట్టికలు చూసి కొనేవాడికి ఆలోచించాల్సిన పనే లేదు.

పట్టికలో లేని విషయం ఇంజను ఎక్కడుందన్నది. టీటీ కింద ఉన్నది ఫోక్స్‌వాగన్ గోల్ఫ్, ఆడి ఏ3 కార్ల కింద ఉన్న ఛాసిసే. అదే కుటుంబపు ఛాసిస్ మీద కట్టిన స్కోడా ఆక్టేవియా మన దేశంలోనూ తిరిగింది. అందులో వీఆర్‌ఎస్ రకంలో ఉన్నది ఇదే 1.8 టర్బో కుటుంబపు ఇంజను, శక్తి తగ్గించి. హైదరాబాదులో పాత మెకానిక్‌ను ఎవరినైనా అడగండి, ఆ ఇంజను గురించి అరగంట చెబుతాడు. ఇది తప్పని నేననను. పంచుకున్న భాగాల వల్లే టీటీ ఆ ధరకు వచ్చింది. కానీ గోల్ఫ్ లాగే ఇందులోనూ ఇంజను ముందు చక్రాల మీద అడ్డంగా కూర్చుంటుంది. కారు బరువు దాదాపు 1,400 కిలోలైతే అందులో అరవై శాతం ముందే ఉంటుంది. 'క్వాట్రో' అనే పేరు ఉన్నా, వెనక చక్రాలకు శక్తి ఎప్పుడూ సమంగా వెళ్లదు. హాల్డెక్స్ అనే క్లచ్ మధ్యలో ఉంటుంది. ముందు చక్రాలు జారడం మొదలైతే అప్పుడు వెనక చక్రాలను కలుపుతుంది. అవసరమైనప్పుడు పిలిస్తే వచ్చే చుట్టంలాంటిది.

బాక్స్‌స్టర్ ఇంజను సీటు వెనక, వెనక ఇరుసుకు ముందు, కారు నడుం దగ్గర ఉంటుంది. దీనివల్ల ఏమవుతుందో చెప్పడానికి ఫార్ములా అక్కర్లేదు. కావడి గుర్తు చేసుకోండి. రెండు బిందెలూ కర్ర చివర్లలో వేలాడుతుంటే, కావడి మోసేవాడు ఒక్కసారి పక్కకు తిరగలేడు. తిరిగినా వెంటనే ఆగలేడు, బిందెలు వాణ్ని ఇంకా తిప్పుతాయి. అవే బిందెలను భుజానికి దగ్గరగా జరిపి కట్టండి, సునాయాసంగా తిరుగుతాడు. బరువు మధ్యలో ఉన్న కారు మలుపు తిరగడం అలా ఉంటుంది. పైగా బాక్స్‌స్టర్ బరువు సుమారు 1,250 కిలోలే. 2001లో శిక్షణకని ఆరు నెలలు జర్మనీలో ఉన్నప్పుడు రెండు కార్లనూ ఒకే రోడ్డు మీద, ఒకే రోజు నడిపే అవకాశం దొరికింది. టీటీ కొండదారిలో గట్టిగా, నమ్మకంగా, కాస్త మొండిగా వెళ్లింది. మలుపులో వేగం పెంచితే ముక్కు బయటికి తోసుకుపోతుంది. బాక్స్‌స్టర్ స్టీరింగు చేతిలో రోడ్డు చదివి వినిపిస్తున్నట్టుంటుంది. సెకన్ల పట్టికలో ఓడిన కారు మలుపులో గెలిచింది. డ్రైవింగు కోసమే కారు కొనే మనిషికి బాక్స్‌స్టరే మేలని ఆ రోజుల్లో చాలా పత్రికలు రాశాయి. నాదీ అదే మాట.

ఇంతవరకూ ఇది రుచుల సంగతి. ఒకరికి గోంగూర, ఒకరికి ఆవకాయ. అసలు విషయం దీని తరవాత వస్తుంది.

కారు అమ్మకానికి వచ్చిన ఏడాది లోపే జర్మనీ నుంచి ప్రమాదాల వార్తలు మొదలయ్యాయి. గంటకు 180 కిలోమీటర్లు దాటిన వేగంలో, హఠాత్తుగా లేను మారినప్పుడో మలుపు బిగిసినప్పుడో కారు వెనక భాగం పక్కకు కొట్టుకుపోయి, గింగిరాలు తిరిగింది. కొందరు చనిపోయారు. ఇది మన ఊహకు అందని వేగం అనిపించవచ్చు. జర్మనీ ఆటోబాన్‌లో చాలా చోట్ల వేగానికి పరిమితి లేదు, 200 దగ్గర వెళ్లడం అక్కడ చట్టబద్ధమే. ఆ వేగంలో కారు సెకనుకు 55 మీటర్లు వెళ్తుంది. ముందు ఒక లారీ మీ లేనులోకి వచ్చింది. మీరు ఉలిక్కిపడి యాక్సిలరేటరు వదిలి, బ్రేకు మీద కాలు వేసి, స్టీరింగు తిప్పుతారు. ఎవరైనా అదే చేస్తారు. కారు ఆ క్షణంలో ఏం చేస్తుందన్నదే ప్రశ్న.

మన బడిలో చెప్పిన ఫిజిక్సు చాలు, కొంచెం ఓపిక పట్టండి. బస్సులో నిలబడి ఉండగా డ్రైవరు బ్రేకేస్తే అందరం ముందుకు తూలుతాం. కారు బరువు కూడా అలాగే ముందు చక్రాల మీదికి ఒరుగుతుంది. వెనక చక్రాలు తేలికవుతాయి. చక్రానికి రోడ్డు మీద పట్టు దాని మీదున్న బరువును బట్టే ఉంటుంది. కాబట్టి వెనక పట్టు తగ్గింది. అన్ని కార్లకూ ఇది ఉన్నదే.

రెండోది గాలి. తుఫాను వచ్చినప్పుడు మన బడి పాత షెడ్డు రేకులు ఎలా లేచిపోయేవో పెద్దవాళ్లకు తెలుసు. గాలి లోపలికి దూరి తోయడం కొంత. మిగతాదంతా పైనుంచి వేగంగా పోయే గాలి రేకును పైకి లాగడం. కారు కప్పు వంపు మీద నుంచి గాలి పోయేటప్పుడు కూడా ఇదే జరుగుతుంది. కారు వెనక్కి వచ్చేసరికి ఒక పదునైన అంచు ఉంటే గాలి అక్కడ తెగి వెళ్లిపోతుంది. అంచు లేకుండా నున్నగా గుండ్రంగా ఉంటే, గాలి ఆ వంపును పట్టుకుని కిందికి పాకుతుంది. పాకుతున్నంత మేరా కారు వెనక భాగాన్ని పైకి లాగుతుంది. నేను ఇందాక మెచ్చుకున్న ఆ తెగని వంపు ఉందే, అదే ఇది.

ఈ లాగుడు వేగంతో పాటు సమంగా పెరగదు. వేగం రెట్టింపైతే నాలుగు రెట్లవుతుంది. ఒక ఉజ్జాయింపు లెక్క వేస్తాను, అంకెలు అర్థం కావడానికే గానీ ఇవి టీటీ పరీక్షల్లో తేలినవి కావు. 1,400 కిలోల కారు, నలభై శాతం వెనక, అంటే వెనక చక్రాల మీద 560 కిలోలు. గురుత్వ త్వరణంలో సగం తీవ్రతతో బ్రేకు వేస్తే, కారు గరిమనాభి భూమికి అర మీటరు ఎత్తున ఉందనుకుంటే, సుమారు 145 కిలోలు ముందుకు ఒరుగుతాయి. గాలి లాగుడు 100 వేగంలో 15 కిలోలనుకోండి, 200 దగ్గర 60. మొత్తం 205 కిలోలు పోయాయి. మిగిలింది 355. వెనక చక్రాలకు ఉన్న బరువులో మూడో వంతుకు పైగా మాయమైంది, సరిగ్గా మీరు స్టీరింగు తిప్పే క్షణంలో. టౌనులో 60 వేగంతో ఏళ్ల తరబడి తిప్పినా ఇది ఒక్కసారి కూడా కనపడదు. కారు పరుగు పెట్టినంతసేపూ మర్యాదగానే ఉంటుంది.

మూడోది పొట్టితనం. గోల్ఫ్ ఛాసిస్‌ను టీటీ కోసం కురచ చేశారు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం సుమారు 2.42 మీటర్లు. గోల్ఫ్ కన్నా తొమ్మిది సెంటీమీటర్లు తక్కువ. చూడ్డానికి కుదిమట్టంగా, ముద్దుగా ఉన్నది ఇందువల్లే. కానీ పొట్టి కారు తిరగడం మొదలుపెడితే త్వరగా తిరుగుతుంది. డ్రైవరు సర్దుకోవడానికి దొరికే వ్యవధి తగ్గుతుంది. చేయి తిరిగిన డ్రైవరు స్టీరింగును ఎదురు తిప్పి కాపాడుకోవచ్చు. ఆదివారం పూట పెళ్లానికి చూపించడానికి వేగం పెంచిన దంతవైద్యుడు కాపాడుకోలేడు. టీటీ కొన్నవాళ్లలో ఎక్కువమంది రెండో రకం. అందం చూసి కొన్నవాళ్లు.

ఇప్పుడు మళ్లీ పోటీదారుల వైపు చూడండి. బాక్స్‌స్టర్ వెనక భాగం కూడా గుండ్రంగానే ఉంటుంది. కానీ డిక్కీ మూత మీద ఒక సన్నని రెక్క దాగి ఉంటుంది. గంటకు 120 కిలోమీటర్లు దాటగానే అది దానంతటదే పైకి లేస్తుంది. వేగం బాగా తగ్గాక మళ్లీ లోపలికి పోతుంది. ఆగి ఉన్నప్పుడు అందం, పరుగెడుతున్నప్పుడు పట్టు. ఈ తెలివి పోర్షకు ఊరికే రాలేదు. వాళ్ల 911 కారుకు వెనక గాలి లాగుడు 1960ల నుంచీ ఉన్న తలనొప్పి. 1972లో కరేరా ఆర్‌ఎస్ అనే రకానికి బాతు తోకలాంటి రెక్క పెట్టింది అందుకే. ముఫ్పై ఏళ్లు ఒకే జబ్బుతో కాపురం చేసినవాడికి దాని మందు తెలుస్తుంది.

ఆడి వాళ్లకు గాలి శాస్త్రం తెలియదా అంటే, ఆ మాట అనలేం. 1982లో వాళ్లు తెచ్చిన ఆడి 100, గాలిని చీల్చుకుపోవడంలో ఆ కాలపు కార్లకు పాఠంలాంటిది. కానీ గాలి ఎదురు నిలబడటం వేరు, పైకి లాగడం వేరు. మొదటిది పెట్రోలు ఖర్చు. రెండోది ప్రాణం. టీటీ అమ్మకానికి రావడానికి చట్టం కోరిన పరీక్షలన్నీ పాసైంది. అయితే చట్టం కోరిన పరీక్షల్లో 200 వేగంలో ఉలిక్కిపడే మనిషి ఉండడు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. దీనికి రెండేళ్ల ముందు, 1997 అక్టోబరులో, మెర్సిడెస్ వాళ్ల చిన్న కారు ఏ-క్లాస్‌ను స్వీడన్‌లోని ఒక పత్రిక పరీక్షించింది. రోడ్డు మీదికి అడవి దుప్పి వస్తే తప్పించుకోవడానికి కారును ఒక్కసారి ఎడమకీ వెంటనే కుడికీ తిప్పే పరీక్ష అది. కారు బోల్తాపడింది. ప్రపంచమంతా నవ్వింది. మెర్సిడెస్ అమ్మకాలు ఆపి, సస్పెన్షన్ మార్చి, ఈఎస్‌పీ అనే పరికరాన్ని అన్ని ఏ-క్లాసులకూ తప్పనిసరిగా బిగించింది. ఆ చప్పుడు జర్మనీలో ప్రతి కార్ల ఇంజనీరు చెవినా పడింది. అయినా మరుసటి ఏడాది వచ్చిన టీటీలో ఈఎస్‌పీ లేదు. ఆడిని నేను తప్పుపట్టేది ఈ ఒక్కచోటే. వంపు గీసినవాళ్లను తప్పుపట్టను, గీయడం వాళ్ల పని. ఆ వంపు కింద వల కట్టకుండా అమ్మడాన్ని తప్పుపడతాను.

ఈఎస్‌పీ అంటే ఏమిటో మన పిల్లల కోసం చెబుతాను. స్టీరింగు ఎంత తిప్పారో ఒక సెన్సరు చూస్తుంది. కారు నిజంగా ఎంత తిరుగుతోందో మరో సెన్సరు చూస్తుంది. రెండూ కుదరకపోతే, అంటే మీరు కోరిన దానికన్నా కారు ఎక్కువ తిరుగుతుంటే, కంప్యూటరు ఒక్క చక్రానికి మాత్రమే బ్రేకు వేసి కారును దారిలోకి లాగుతుంది. మీరు వేసే బ్రేకు నాలుగు చక్రాలకూ పడుతుంది, అది మాత్రం ఏ చక్రానికి కావాలో దానికే వేస్తుంది. మనిషి ఎంత నేర్పరైనా ఈ పని చేయలేడు, ఎందుకంటే మన కాలి కింద ఉన్నది ఒకే పెడలు. బాష్ కంపెనీ తయారుచేసిన ఈ పరికరం 1995లోనే మెర్సిడెస్ పెద్ద కార్లలోకి వచ్చింది.

1999 చివర్లో, 2000 మొదట్లో ఆడి టీటీలను వెనక్కి పిలిపించింది. మూడు పనులు చేసింది. సస్పెన్షన్‌లో మార్పులు చేసి, వెనక భాగం తొందరపడి జారకుండా కారును కాస్త మందకొడిగా మార్చింది. ఈఎస్‌పీ పెట్టింది. మూడోది, డిక్కీ మూత చివర ఒక చిన్న రెక్క బిగించింది. వేలెడంత ఎత్తు కూడా లేని పట్టీ. గాలిని ఆ అంచు దగ్గర తెంపేసి పంపించడం దాని పని. ఆ తరవాత తయారైన టీటీలన్నీ ఈ మూడు మార్పులతోనే వచ్చాయి.

ఆ రెక్క వల్ల కారు అందం చెడిందని బాధపడ్డవాళ్లు చాలామంది. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది, కప్పు నుంచి దిగుతున్న గీత అక్కడ ఆగిపోతుంది. నేను జర్మనీలో నడిపింది రెక్క ఉన్న కారే. పక్కన పాత కారు నిలబెడితే తేడా తెలుస్తుంది. కానీ సస్పెన్షన్ పనివాణ్ని, నా కంటికి రెక్క ఉన్నదే పూర్తయిన కారులా కనపడుతుంది.

దీని తరవాత పోటీలో టీటీ స్థానం ఎక్కడ? మార్పులకు ముందున్న టీటీని నేను ఈ అయిదు కార్లలో చివర పెడతాను, అది ఎంత అందంగా ఉన్నా సరే. మార్పుల తరవాతి టీటీని బాక్స్‌స్టర్ తరవాత రెండో స్థానంలో పెడతాను. జడ్3 కూపే వెనక సస్పెన్షన్ పాత త్రీ సిరీస్ నుంచి తెచ్చిన పాతకాలం సరుకు. దాని రూపానికి అమెరికాలో 'జోకరు బూటు' అని పేరు పెట్టారు, అయినా దాన్ని ప్రాణంగా చూసుకునేవాళ్లున్నారు. ఎస్‌ఎల్‌కే కప్పు మడతపడటం చూడ్డానికి వేడుక, డ్రైవింగు మాత్రం చప్పగా ఉంటుంది. ఫియట్ కూపే అల్లరి పిల్లాడు, పక్కింట్లో ఉంటే ముద్దు. సొంతదారుడికి ఇరవై ఏళ్ల తరవాత ఏ కారు ఎంత ఖర్చు పెట్టించిందన్న లెక్క వేరే ఉంది. బాక్స్‌స్టర్ ఇంజనులో ఐఎంఎస్ అనే ఒక బేరింగు పోతే ఇంజనే పోతుంది. టీటీలో మీటర్ల బోర్డు పాడవడం మామూలు. కానీ మీటరు పోయినా కారు ఇంటికొస్తుంది. ఇంజను గోల్ఫ్‌దే కాబట్టి సామాను దొరుకుతుంది. ఆ లెక్కలో టీటీయే ముందుంటుంది.

మనకెందుకీ గోల అని మా బావగారు నిన్న రాత్రే అడిగారు. హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు, ఇప్పుడు అక్కడ 120 దాకా వెళ్లవచ్చు. మన పిల్లలు కొంటున్నవి కూపేలు కావు, ఎత్తుగా ఉండే ఎస్‌యూవీలు. బరువు పైన ఉండే బండిని 120లో హఠాత్తుగా తిప్పితే పైన వేసిన లెక్క ఇంకా కఠినంగా ఉంటుంది. దుప్పులు లేకపోయినా మనకు గేదెలున్నాయి, రాంగ్ సైడులో వచ్చే బైకులున్నాయి. షోరూములో సన్‌రూఫ్ ఉందా, టచ్‌స్క్రీన్ ఎన్ని అంగుళాలని అడిగే ముందు ఈఎస్‌సీ ఉందా అని అడగండి. ఈఎస్‌పీకి ఇప్పటి పేరు అదే. పై రకంలో ఉండి కింది రకంలో లేకపోతే, ఏ సోకు తగ్గించుకున్నా సరే అది ఉన్న రకమే తీసుకోండి. టైర్లు ఎప్పుడు తయారయ్యాయో కూడా చూడండి, టైరు పక్కన నాలుగంకెలుంటాయి, మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం.

టీటీ సంగతి ముగిస్తాను. 2002లో ఆబ్ట్ అనే జట్టు తయారుచేసిన టీటీతో లోరాన్ ఐయెల్లో అనే ఫ్రెంచి డ్రైవరు జర్మనీ టూరింగు కార్ల ఛాంపియన్‌షిప్ గెలిచాడు. పైన టీటీ వేషం, లోపల వీ8 ఇంజను పెట్టిన పందెం బండి అది, వెనక మన ఊరి గుడి పందిరంత రెక్క. షోరూముల్లోకి 2006లో రెండో తరం టీటీ వచ్చింది. అల్యూమినియం ఎక్కువగా, ఉక్కు వెనక వైపు మాత్రమే వాడి ఒళ్లు కట్టారు, బరువు వెనక్కి జరగడానికి అది కూడా ఒక ఉపాయం. డిక్కీ మూత మీద ఒక రెక్క దాగి ఉండేది, వేగం బాగా పెరిగాక దానంతటదే లేచేది. ఇరవై అయిదేళ్లలో ఆరున్నర లక్షలకు పైగా టీటీలు చేసి, 2023 నవంబరులో హంగరీలోని గ్యోర్ ఫ్యాక్టరీ చివరి కారును బయటికి పంపింది.

ఇంకా అడగాల్సినవి ఉంటే భోజనాల దగ్గర పట్టుకోండి. మీ కారు వెనక నుంచి టకటకమని చప్పుడొస్తుంటే మాత్రం తాళాలతో సహా రండి, చాలావరకు అది బుష్ అయి ఉంటుంది.